తాబేలును పెంచదలచువారికి ఒక మాట



తొలకరి వాన కురిసిన మఱునాడు మా మనుమడు మెట్టపొలమునుండి ఒక తాబేలును తువ్వాలలో చుట్టి తెచ్చెను. డిప్ప నల్లనిది, దాని ప్రతి మిట్టనుండియు పసుపుపచ్చని చారలు నక్షత్రకిరణములవలె నలుదిక్కులకు వ్యాపించియున్నవి. “తాతగారూ, దీనిని మన యింట పెంచుకొందుమా?” అని యడిగెను. అరుగుమీద కూర్చున్నవారు తలకొక సలహా చెప్పిరి. ఇంట నుంచిన సిరి కలుగునని ఒకరు, నూతిలో విడిచిన నీరు శుభ్రపడునని మఱియొకరు, పట్టణమున మంచి వెల పలుకునని వేఱొకరు. ఆ మూడు సలహాలలో ఒక్కటియు ఆచరింపదగినది కాదని నేను చెప్పవలసివచ్చెను. కారణమేమో నేడు మీకు మనవి చేసెదను.

మనము అన్నిటిని తాబేలనియే పిలుచుచున్నాము. కాని వానిలో నేలమీద బ్రదుకునవి వేఱు, నీట బ్రదుకునవి వేఱు. నేల తాబేటి డిప్ప గుమ్మటమువలె ఎత్తుగా నుండును. కాళ్లు ఏనుగు కాళ్లవలె స్తంభాకారముగా నుండును. నీటి తాబేటి డిప్ప చదునుగా నుండును. వ్రేళ్లనడుమ తోలుపొర యుండును. మా మనుమడు తెచ్చినది నక్షత్రపు తాబేలు; మెట్ట ప్రాణి. గడ్డి, ఆకులు, రాలిన పండ్లు దాని ఆహారము. ఈత దానికి చేతకాదు. పుణ్యము వచ్చునని తలచి ఇట్టిదానిని నూతిలోనో చెఱువులోనో విడిచినచో, అది లోతునీట మునిగి చచ్చును. దయతో చేసిన పనియే హత్య యగును. కావున తాబేలును చూచిన వెంటనే దాని కాళ్లను చూడవలెను.

ఇక ఇంట పెంచుట మాట. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని పట్టుటను, అమ్ముటను, ఇంట నుంచుకొనుటను అంగీకరింపదు. 2022లో ఆ చట్టమును సవరించిరి. 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి నక్షత్రపు తాబేలు పులి, ఏనుగులతోపాటు మొదటి షెడ్యూలున నున్నది. ఇట్టి జంతువుల విషయమున నేరము రుజువైనచో మూడేండ్లనుండి ఏడేండ్లవఱకు కారాగారశిక్షయు, జరిమానాయు కలవు. దేశదేశముల నడుమ వీని వాణిజ్యమును సైటీస్ ఒడంబడిక 2019లో నిషేధించెను. అయినను పొలములలో ఏరిన తాబేళ్లను పెట్టెలలో కుక్కి విదేశములకు దాటించుచు వర్తకులు పట్టుబడుచునేయున్నారు. ఊపిరాడక దారిలో చచ్చునవి యెన్నో. సిరి కలుగునను నమ్మకమే ఈ వ్యాపారమునకు పెట్టుబడి. శుభము కోరువారు రాతి కూర్మమునో, ఇత్తడి కూర్మమునో ఇంట నుంచుకొనవచ్చును. దానివలన ఏ ప్రాణికిని బాధ లేదు.

“సరే, మన తాబేలు వద్దు, అంగడిలో అమ్మునది కొందుము” అని కొందఱు అందురు. పట్టణములలో గాజుతొట్లయందు రూపాయి బిళ్లంత పచ్చని తాబేటిపిల్లలను అమ్ముచున్నారు. కంటివెనుక ఎఱ్ఱని చార యుండుటచే దానిని ఎఱ్ఱచెవి తాబేలందురు. దాని పుట్టినిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతము. కొన్నప్పుడు అరచేతిలో ఆడునది, ఆడుదైనచో దాదాపు అడుగు పొడవు పెరుగును. పెద్ద తొట్టియు, తఱచుగా మార్చు నీరును, ఎండ కాచుకొనుటకు పొడిచోటును కావలెను. ఎండ చాలనిచో డిప్ప మెత్తబడి వంకరపోవును. వీని ఒంటిమీద సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి యుండవచ్చును. తాబేలును పట్టి చేయి కడుగని పిల్లలకు జ్వరము, విరేచనములు పట్టుకొనును. ఈ కారణముచేతనే అమెరికాలో 1975లో నాలుగంగుళములకు తక్కువైన డిప్పగల తాబేళ్ల విక్రయమును నిషేధించిరి.

పెరిగిన పిమ్మట విసిగినవారు దానిని చెఱువులో వదలుదురు. ఇది మఱింత అపకారము. అది మన తాబేళ్ల తిండిని, ఎండ కాచుకొను చోటులను ఆక్రమించును. ఒక్క యింటి విసుగు ఊరి చెఱువునకు శాశ్వతమైన బెడద యగును.

ఈ ప్రాణి ఆయువును గూడ ఆలోచింపుడు. సెయింట్ హెలీనా ద్వీపమునకు 1882లో జొనాథన్ అను తాబేలును తెచ్చిరి. తెచ్చునాటికే అది పూర్తిగా ఎదిగినది. తెచ్చినవారు గతించిరి, వారి మనుమలును గతించిరి. ఈ శతాబ్దిలోను అది అచ్చట గడ్డి మేయుచుండెను. అది మహాకాయమైన జాతి. మన నక్షత్రపు తాబేలునకు అంత యాయువు లేకున్నను, కొన్ని దశాబ్దములు బ్రదుకును. శ్రీకాకుళము జిల్లాలోని శ్రీకూర్మ క్షేత్రమున ఆలయమువారు నక్షత్రపు తాబేళ్లను పోషించుచున్నారు. ఆలయము తరతరములు నిలుచు సంస్థ. అచ్చట ఒకరి తరువాత ఒకరు గడ్డి వేయుదురు. మన యిండ్లలో పిల్లవాడు చదువునకు పోవును, పిల్ల అత్తవారింటికి పోవును. ఆ తరువాత దానికి గడ్డి వేయువారెవరు?

కావున తాబేలును కోరువారు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది ఎచ్చటనుండి వచ్చినది? ఎంత పెరుగును? నా తరువాత దీనిని చూచువారెవరు? మూడింటికిని జవాబు దొరకనిచో కొనకుండుటయే మేలు. విదేశపు తాబేలు ఇదివఱకే ఇంట నున్నవారు దానిని చెఱువులో వదలక కడదాక పోషింపవలెను. నమోదు అవసరమేమో అటవీశాఖవారిని అడుగవలెను. నక్షత్రపు తాబేలు ఇంట నున్నచో వారికే అప్పగింపవలెను.

పెద్దలు చేయదగిన పని మఱియొకటి కలదు. వేసవిలో చెఱువు ఎండినప్పుడు మన నీటి తాబేలు బురదలో దాగి వానకై వేచియుండును. పూడిక తీయునప్పుడు అట్టిది కనబడినచో మట్టితో బండి కెక్కింపక, తడిగల మఱొక చోట చేర్చుడు. చచ్చిన చేపలను, నత్తలను తిని ఆ నీటికి అది మేలు చేయును. ఊరి చెఱువే దానికి తగిన తొట్టి. ఊరంతయు దానికి యజమాని.

ఆనాటి సాయంకాలము నేనును మా మనుమడును ఆ పొలమునకు పోతిమి. అది దొరకిన తుప్ప యేదో వాడే చూపెను. దింపిన తరువాత కొంతసేపు తల బయటపెట్టలేదు. మేము దూరముగా కూర్చుంటిమి. మెల్లగా మెడ చాచి, ఒక గడ్డిపరకను కొఱికి, తుప్పలోనికి పోయెను. వాడు ఏడ్చిన మాట నిజమే. కాని నేటికిని వాన వెలిసిన ప్రతి ఉదయము వాడు ఆ తుప్పవైపు చూచి వచ్చుచున్నాడు. ఒకటి రెండు పర్యాయములు కనబడినదట. “మన తాబేలు బాగుగా నున్నది, తాతగారూ” అని నాతో చెప్పును.