ఇంటింట దస్త్రభాండారము: నాస్ పెట్టెను గూర్చి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో గ్రంథములను గూర్చి మాటలాడుట సంప్రదాయము. నాకు ముందు మాటలాడిన పెద్దలు ఆ కార్యమును చక్కగ నెరవేర్చిరి. కార్యదర్శిగారు నన్ను వేరొక పని కోరిరి. ఈ సంచిక కొరకు పాత ఫోటోలు సేకరించుచు వారు ఇల్లిల్లు తిరిగినప్పుడు పలువురు చెప్పిన సమాధానము ఒక్కటేనట: "ఉండెనండీ, ఫోను పోయింది, దానితోనే పోయినయి." అల్మారలోని పుస్తకమునకు చెద పట్టినచో కంటికి కనబడును. ఫోనులోని బొమ్మకు పట్టిన చెద కనబడదు. కావున ఇంటిలోని ఫోటోలను, వీడియోలను, కాగితముల నకళ్లను ఒక్కచోట నిలిపియుంచు పెట్టెను ఎట్లు ఎన్నుకొనవలెనో, ఎట్లు అమర్చుకొనవలెనో చెప్పుమని వారు నన్ను ఆజ్ఞాపించిరి. నేను ఇంజనీరును కాను. పాఠశాలలో లెక్కలు చెప్పి విశ్రాంతి పొందినవాడను. ఈ పెట్టెతో కొన్నేండ్లు కాపురము చేసి ఒకసారి గట్టి దెబ్బ తిన్నవాడను. నా అర్హత అంతమాత్రమే.

మన బోధన ప్రాంతమునకు ఇట్టి పెట్టె అవసరము కొంత ఎక్కువ యని నా నమ్మకము. 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో ఇక్కడ చెరకు పెరిగినది. 1937లో శక్కర్‌నగరులో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరుగాంచిన ఆ మిల్లు 2015 డిసెంబరులో మూతపడినది. మిల్లు ఆగినను అందు పనిచేసిన కుటుంబముల జ్ఞాపకములు ఇండ్లలో మిగిలియున్నవి: క్వార్టర్ల ముంగిట తీయించుకొన్న ఫోటోలు, చెరకు తూకపు చీటీలు, భవిష్యనిధి కాగితములు. ఇక మన వాడలలో గల్ఫునకు పోయిన బిడ్డలు లేని వాడ ఏది? కొడుకు తొలి అడుగు వేయుట తండ్రి దోహాలోనో దుబాయిలోనో కూర్చుండి ఫోనులో చూచును. ఆ వీడియో వారికి ఆస్తి.

ఇంతకాలము మనలో అనేకులము వీనిని గూగుల్ వారి కొట్టులో పెట్టి నిశ్చింతగ నుంటిమి. 2021 జూన్ 1 నుండి వారు ఫోటోలకు లెక్కలేని ఉచిత జాగా ఇచ్చుట మానిరి. పదునైదు గిగాబైట్లు దాటినచో అద్దె కట్టవలెను. అద్దె కట్టుట తప్పు కాదు. కాని అద్దె ఇంటిలో కాపురమున్నవాడు స్వంత ఇంటిని గూర్చి ఆలోచించుట సహజము గదా.

ఆ స్వంత ఇంటినే నాస్ అందురు. నెట్‌వర్కు అటాచ్డ్ స్టోరేజి అనుదానికి అది పొట్టి పేరు. చూచుటకు చిన్న రేడియో పెట్టె వలె నుండును. లోపల రెండో నాలుగో హార్డు డిస్కులు, వానిని నడుపు చిన్న కంప్యూటరు ఉండును. దానిని ఇంటి రౌటరునకు తీగతో కలిపినచో ఇంటిలోని ఫోనులు, కంప్యూటరు, టీవీ అన్నియు అందులో దాచుకొనవచ్చును, అందుండి తీసికొనవచ్చును. సైనాలజీ, క్యూనాప్, టెర్రామాస్టర్, అసుస్టర్ మున్నగు సంస్థలు వీనిని చేయుచున్నవి. మూలనున్న పాత కంప్యూటరులో ఓపెన్‌మీడియావాల్ట్ లేక ట్రూనాస్ అను ఉచిత సాఫ్టువేరు వేసియు ఈ పని సాధింపవచ్చును. అయితే దానికి ఇంటిలో ఓపికగల కుర్రవాడు ఒకడు ఉండవలెను, వాడు పెండ్లియై హైదరాబాదునకు పోకుండవలెను.

ఒక మాట ముందే చెప్పెదను. ఒంటరిగ నుండి, ఒకే ఫోను గలవారికి ఈ పెట్టె అక్కరలేదు. రెండు బయటి హార్డు డిస్కులు కొని, రెంటిలోను నకలు వేసి, ఒకటి ఇంట, ఒకటి బంధువుల ఇంట ఉంచుకొన్న చాలును. నలుగురైదుగురు ఫోనులతో నిత్యము బొమ్మలు తీయు ఇంటికి, పరదేశమున మనుష్యులున్న ఇంటికి ఇది తగును.

కొనువారు పెట్టె కంటె డిస్కును గూర్చి ఎక్కువ విచారింపవలెను. పరిమాణము మొదటిది. ఒక ఫోటో నాలుగు మెగాబైట్లని తలచినచో నాలుగు టెరాబైట్ల డిస్కులో పది లక్షల ఫోటోలు పట్టును. జాగాను తినునది వీడియో. మామూలు ఫోను వీడియో నిమిషమునకు రమారమి నూరు మెగాబైట్లు మ్రింగును. నాలుగు టెరాబైట్లని కొన్న డిస్కు కంప్యూటరులో మూడున్నరకు పైగా మాత్రమే చూపును. దుకాణదారుని నిందింపకుడు. పక్కా సేరు, కచ్చా సేరు అని మన పెద్దలకు రెండు కొలతలున్నట్లే, డిస్కు చేయువాడు వేయితో లెక్కించును, కంప్యూటరు 1024తో లెక్కించును.

రెండవది డిస్కు జాతి. సీఎమ్ఆర్ అను జాతిలో వ్రాత చాళ్లు పొలములోని చాళ్లవలె ప్రక్కప్రక్కన నుండును. ఎస్ఎమ్ఆర్ అను జాతిలో అవి పెంకుటింటి కప్పువలె ఒకదాని అంచుపై నొకటి ఎక్కియుండును. పెంకు మార్చవలెనన్న చుట్టు పెంకులను కదపవలసినట్లే, అందు ఒకచోట తిరిగి వ్రాయవలెనన్న ప్రక్క చాళ్లను కూడ మరల వ్రాయవలెను. చెడిన డిస్కును తీసి క్రొత్తది పెట్టినప్పుడు ఈ రెండవ జాతి మిక్కిలి నెమ్మదించి పెట్టెను అవస్థ పెట్టును. 2020లో వెస్టర్న్ డిజిటల్ వారు నాస్ కొరకని అమ్మిన రెడ్ డిస్కులలో కొన్ని ఈ జాతివని బయటపడి పెద్ద గగ్గోలు పుట్టినది. తరువాత వారు మొదటి జాతికి రెడ్ ప్లస్ అని వేరు పేరిడిరి. కావున కొనునప్పుడు సీఎమ్ఆర్ అవునా కాదా యని అడిగి కొనుడు.

ఇక నా దెబ్బను గూర్చి.

రెండు డిస్కుల పెట్టెలో ఒకదానిలో వ్రాసినది రెండవదానిలోను తక్షణమే వ్రాయబడు ఏర్పాటు కలదు. దానిని అద్దపు ప్రతి, రెయిడ్ ఒకటి అందురు. 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయపు ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్ అను మువ్వురు రెయిడ్ అను పేరుతో డిస్కుల కూర్పులను వివరించి ప్రసిద్ధమైన పత్రము వ్రాసిరి. ఒక డిస్కు చెడినను రెండవది నిలుచును. నేను దీనిని చూచి మురిసి, రెండు ప్రతులున్నవి గదా యని గుండెపై చేయి వేసికొని నిద్రించితిని.

మా బాపు మిల్లులో ముప్పది యేండ్లకు పైగా పనిచేసిరి. ఒక సంక్రాంతికి ఆయనను కూర్చుండబెట్టి క్రషింగు సీజను ముచ్చట్లు నలువది నిమిషములు ఫోనులో రికార్డు చేసితిని. పెట్టెలోనికి ఎక్కించి, ఫోనులో జాగా లేక అందులోనిది తీసివేసితిని. ఆ ఎండకాలమే ఆయన కాలము చేసిరి. కర్మకాండలు ముగిసిన కొన్నాళ్లకు పెట్టెలోని ఫోల్డరులను సర్దుచు, ఒకే పేరుతో రెండు కనబడగా ఒకటి నకలని తలచి తొలగించితిని. అది నకలు కాదు. నేను తీసివేయుమన్న మాటను రెండు డిస్కులును అదే క్షణమున శిరసావహించినవి. అద్దమునకు మంచి చెడ్డలు తెలియవు. ముఖముపై మసి పూసికొన్న అద్దములోను మసియే.

తొలగించినవి కొన్నాళ్లు నిలిచియుండు చెత్తబుట్టను నేను పెట్టెలో తెరచియుండలేదు. నిజామాబాదులోని మా చెల్లెలి ఇంట ఒక బయటి డిస్కు ఉంచియుంటిని. కాని దానిలో కడపటి నకలు దసరా నాటిది. దాని పుణ్యమున ఎనిమిది వేల ఫోటోలు తిరిగి వచ్చినవి. బాపు గొంతు రాలేదు. దోహాలోని తమ్మునికి వాట్సాపులో పంపిన రెండు నిమిషముల ముక్క మాత్రము మిగిలినది. అందులో బాపు గొంతు సవరించుకొని, "ఆ యేడు చెరుకు బండ్లు యాడిదాంక నిలవడ్డయంటే" అనునంతలో అది ఆగిపోవును. ఎందాక నిలిచెనో చెప్పగలవారు ఇప్పుడు మా ఇంట ఎవరును లేరు.

ఆనాటినుండి నా పెట్టెలో మూడు మార్పులు చేసితిని. చెత్తబుట్టను తెరచితిని. ప్రతిదినము రాత్రి స్నాప్‌షాట్ తీయునట్లు ఏర్పరచితిని. ఆనాటి స్థితి ఎట్లుండెనో అట్లే గుర్తుంచుకొను ఏర్పాటది. అన్ని పెట్టెలలోను ఉండదు గావున కొనుటకు ముందే అడుగవలెను. మూడవది, చెల్లెలి ఇంటికి రెండు డిస్కులు వంతులవారీగా తిరుగుచుండును. నెలకొకసారి నేను నిజామాబాదునకు పెన్షను పనిమీద పోయినప్పుడు ఒకటి ఇచ్చి ఒకటి తెచ్చుకొందును. ఇంటికి అగ్ని తగిలినను, దొంగ వచ్చి పెట్టెనే ఎత్తుకొనిపోయినను పట్టణములోని ప్రతి నిలుచును. ఆరు నెలలకొకసారి అందుండి ఒక ఫోల్డరును మరియొక కంప్యూటరులో తెరచి చూతును. తెరచి చూడని నకలును నేను నకలుగ లెక్కింపను.

అమర్చు స్థలమును గూర్చి కొంత. పెట్టె చేయువారు సాధారణముగ నలువది డిగ్రీల గది వేడివరకే హామీ ఇత్తురు. నిజామాబాదులో మే నెలలో 44 డిగ్రీలు దాటు దినములు అరుదు కావు. రేకుల కప్పు క్రింద గాని, మూసిన ఇనుప బీరువాలో గాని దీనిని ఉంచరాదు. దేవుని గదిలో పెట్టిన ఒక మిత్రుని పెట్టెకు అగరువత్తుల పొగ, కుంకుమ చేరి ఫ్యాను ఆగిపోయినది. భక్తికి వేరు తావు, డిస్కునకు వేరు తావు. కరెంటు ఖర్చునకు భయపడకుడు. ఇరువది వాట్లు తినునని లెక్కించినచో నెలకు పదునైదు యూనిట్ల లోపే. భయపడవలసినది కరెంటు పోవుటకు. వ్రాయుచున్నప్పుడు పోయినచో దస్త్రములు చెడవచ్చును. ఇంటి ఇన్వర్టరు కొంతసేపు మోయును గాని బ్యాటరీ అయిపోవుచున్నదని పెట్టెకు చెప్పజాలదు. యూఎస్‌బీ తీగతో పెట్టెకు కబురు చేయగల చిన్న యూపీఎస్ కొన్నచో పెట్టె తనంతట తాను పద్ధతిగ ఆగిపోవును.

రౌటరునకు తీగతోనే కలుపుడు. కొన్ని రౌటర్లలో నాలుగు తీగల తావులున్నను గిగాబిట్ వేగము గలది ఒక్కటే యుండును. అందు కలిపినచో ఒక టెరాబైటు రెండున్నర గంటలలో చేరును. ప్రక్కదానిలో కలిపినచో ఒక పగలు, ఒక రాత్రి పట్టును.

ఇంట నలుగురికి నాలుగు ఖాతాలు తెరువుడు. అందరును యజమాని ఖాతాతో ప్రవేశింపరాదు. సంకేతపదము పొడుగుగ నుండవలెను, రెండవ తాళముగ ఫోనునకు వచ్చు అంకెను కూడ పెట్టవలెను. దోహాలోని తమ్ముడు చూడవలెనని తొందరపడి రౌటరులో ద్వారము తెరచి పెట్టెను లోకమునకు వెల్లడి చేయకుడు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అను దుష్ట సాఫ్టువేరు అట్లు బహిరంగముగ నున్న క్యూనాప్ పెట్టెలలోనికి చొరబడి దస్త్రములకు తాళము వేసి, విడుదలకు బిట్‌కాయిన్లు కోరినది. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ అను పాత పెట్టెలను ఎవరో దూరమునుండియే తుడిచిపెట్టిరి. మన ఇంటర్నెట్టు కనెక్షనులు పెక్కింటికి స్వంత చిరునామా కూడ ఉండదు. అనేక ఇండ్లకు ఒకటే చిరునామాను పంచియిత్తురు. కావున ద్వారము తెరచినను తరచు పనిచేయదు. పెట్టె సంస్థవారి మధ్యవర్తి సదుపాయమునో, టెయిల్‌స్కేల్ వంటి రహస్య మార్గమునో వాడుట మేలు.

ఇంత చేసియు ఒకటి మిగులును. మా ఇంట ఈ పెట్టె తాళము నాకొక్కనికే తెలిసియుండెను. మొన్న ఆసుపత్రిలో వారము దినములున్నప్పుడు మా ఇంటావిడ భీమా కాగితపు నకలు తీయలేక కన్నీరు పెట్టుకొన్నది. ఇంటికి వచ్చిన దినముననే ఒక నోటు పుస్తకము తీసి యజమాని సంకేతపదము, డిస్కు మార్చు విధము, నిజామాబాదు డిస్కు ఎవరి బీరువాలో నున్నదో తెలుగులో వ్రాసి, పట్టాదారు పాసుపుస్తకముతో కలిపి ఉంచితిని. కరీంనగరు జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్టపై పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనము వెయ్యేండ్లు దాటినను చదువదగియున్నది. మన డిస్కునకు అయిదారేండ్లు దాటినచో క్రొత్తదాని కొరకు రూకలు కూడబెట్టుకొనవలెను. నోటు పుస్తకములో ఆ కొన్న తేదీలు కూడ వ్రాసితిని.

కార్యదర్శిగారు గంట వంక చూచుచున్నారు. ఈ సంచిక కొరకు సేకరించిన ఫోటోలు నా పెట్టెలో నున్నవి. వాని రెండవ ప్రతి మన గ్రంథాలయపు బీరువాలో, మూడవది నిజామాబాదులో కలదు. మీ ఇంటి పాత ఫోటోలు తెచ్చినచో ఆదివారము ఉదయము పఠన మందిరమున స్కాను చేసి, అసలును అప్పుడే మీ చేతికిచ్చి పంపెదము. పెట్టెను తెరచి లోపల చూడగోరువారు కూడ అప్పుడే రావచ్చును. సెలవు.