ఒక మహాసంఖ్య కథ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇట్టి సభలలో పుస్తకముల మహిమను గూర్చి మాట్లాడుట పరిపాటి. నేను లెక్కల పంతులను. నాకు తెలిసినది లెక్కయే గనుక, ఒకే ఒక సంఖ్యను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును.

చదరంగపు బల్లమీది గింజల కథ మీరెల్లరు ఎరిగినదే. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవదానిలో నాలుగు. ఆ బల్లకు 64 గడులు. మరి మూడు గడులు చేర్చి, 67 గడుల గింజలను కూడినచో వచ్చు మొత్తము 14,75,73,95,25,89,67,64,12,927. ఇది 21 అంకెల సంఖ్య. అనగా రెంటిని 67 మారులు వేసి గుణించి, ఒకటి తీసివేయగా వచ్చునది.

7, 13 వంటి సంఖ్యలను ఒకటియు, ఆ సంఖ్యయు తప్ప మరేదియు నిశ్శేషముగా భాగింపదు. అవి ప్రధాన సంఖ్యలు. 15 అట్లు కాదు. అది 3, 5ల లబ్ధము గనుక సంయుక్త సంఖ్య. మన మహాసంఖ్య ఏ కోవలోనిది?

ఫ్రాన్సు దేశమున మెర్సెన్ అను క్రైస్తవ సన్న్యాసి 1644లో ఇది ప్రధాన సంఖ్యయని వ్రాసెను. ఆ మాట 232 సంవత్సరములు నిలిచెను. 1876లో ఆ దేశమువాడే యగు ల్యూకా అది సంయుక్త సంఖ్యయని నిరూపించెను. కాని దాని కారణాంకములు ఆయనకును తెలియవు! భాగించు సంఖ్య తెలియకయే భాగింపబడునని చెప్పుట ఎట్లు?

సంతలో కుండను కొనునపుడు మనము తట్టి చూతుము. బీట ఎక్కడనున్నదో కంటికి కనబడకున్నను, ధ్వని చెప్పును. సంఖ్యలకును అట్టి పరీక్షలు కలవు. 7 ప్రధాన సంఖ్య. దానికన్న ఒకటి తక్కువగా, ఆరు మారులు రెంటిని గుణించిన 64. దానిని 7చే భాగించిన శేషము 1. రెంటిని మించిన ప్రతి ప్రధాన సంఖ్యకును ఇట్లే 1 మిగులవలెను. 15ను పరీక్షింపుడు. పదునాలుగు మారులు రెంటిని గుణించిన 16,384. 15చే భాగించిన శేషము 4. కావున 3, 5ల ప్రసక్తి లేకయే 15 సంయుక్తమని తేలినది. ల్యూకా పద్ధతి వేరైనను, ఈ జాతిలోనిదే.

బీటను చూపినవాడు అమెరికా దేశపు ఆచార్యుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్. 1903 అక్టోబరులో న్యూయార్కు సభలో ఆయన ఒక్క మాటయు పలుకక, నల్లబల్లపై ఒకవైపు మన మహాసంఖ్యను గణించి, మరొకవైపు 19,37,07,721ని 7,61,83,82,57,287చే గుణించెననియు, రెండును సరిపోగా మౌనముగా పోయి కూర్చుండెననియు చెప్పుదురు. ఎంతకాలము పట్టినదని యడుగగా, మూడేండ్ల ఆదివారములని బదులిచ్చెనట.

ఇందులో ఒక విశేషము కలదు. గుణించుట ఒక పూట పని. విడదీయుట ఏండ్ల పని. నేడు కంప్యూటరు ఈ సంఖ్యను క్షణములో విడదీయును. కాని ఇంకను పెద్ద సంఖ్యలను విడదీయుట కష్టమన్న నమ్మకముపైననే 1977లో ముగ్గురు పండితులు ఒక రహస్యలిపి పద్ధతిని ప్రకటించిరి. ఆ యేడే సవాలుగా నిచ్చిన 129 అంకెల సంఖ్య 1994 వరకు విడలేదు.

సోదరులారా, మెర్సెన్ గొప్పవాడే, అయినను పొరబడెను. ఆ పొరపాటును సరిదిద్దినది ల్యూకా తర్కము; కారణాంకములను కంటికి చూపినది కోల్ ఓర్పుతో చేసిన గుణకారము. ఆ గుణకారమును మన బడిపిల్లలును చేసి చూడగలరు. పెద్దలు వ్రాసినదైనను పరీక్షించి గ్రహింపుడని మనవి. గ్రంథాలయము తెరచియున్నది అందులకే.