బ్రాయిలర్ కోడిపిల్లలకు తొలినాళ్ల మేత



గ్రుడ్డు నుండి వెలువడిన కోడిపిల్ల కడుపులో పచ్చసొన కొంత మిగిలియుండును. అది రెండు మూడు దినములు ప్రాణము నిలుపును గాని పెరుగుదలకు చాలదు. కావున పిల్లలు కొట్టమునకు చేరినతోడనే నీరును మేతయు నీయవలెను.

బ్రాయిలర్ పిల్ల మొదటి వారము ముగియునప్పటికే పుట్టినప్పటి బరువునకు సుమారు నాలుగింతలగును. ఇందుకు మేతలో నూటికి 22 పాళ్ల వరకు మాంసకృత్తులుండవలెను. మొక్కజొన్నలో నుండునవి 8, 9 పాళ్లు మాత్రమే. కేవలము గింజలు మేసిన పిల్ల బ్రతుకును గాని కండపట్టదు. ఆరు వారములలో అమ్మవలసిన పిల్లకు తొలివారపు లోటు తీర్చుకొను వ్యవధి యుండదు.

ఈ కొరతను వేరుసెనగ చెక్క, సోయాచిక్కుడు చెక్క, చేపపొడి తీర్చును. వేరుసెనగ చెక్కలో లైసిన్, మిథియోనిన్ అనునవి తక్కువ; కనుక అదియొక్కటియే చాలదు, తక్కినవానితో కలుపవలెను. పచ్చి సోయాచిక్కుడు అరుగుదలను చెరచును. తగినంత వేడిచేసినదే వాడవలెను. ఉప్పుచేప పొడి పిల్లలకు హానికరము.

అన్నిటికంటె ముఖ్యమైనది చెక్క పరీక్ష. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోడి పిల్లలు చనిపోయెను. బ్రెజిల్ నుండి వచ్చిన వేరుసెనగ చెక్కకు పట్టిన బూజు విషమే కారణమని పిదప తేలినది. దానికి అఫ్లటాక్సిన్ అని పేరు. బూజు దులిపి యెండబెట్టినంతమాత్రమున అది పోదు. కావున చెక్కను తడి తగులనిచోట నిలువచేసి, బూజు వాసన తగిలినదానిని పారవేయవలెను. అట్టిదానిని వాడిన రైతునకు చెక్క వెల మిగులును, పిల్లలు మిగులవు.