పది రోజుల సీసా, పదమూడు రోజుల సెలవులు

(ఫిల్మ్‌నగర్‌లో జరిగిన సంత్ సేవాలాల్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు మన భాష గురించో, కట్టుబొట్టు గురించో చెబుతాననుకుని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు. నేను పిల్లల హాస్టల్ వార్డెన్‌ని. ఏటా ఫిబ్రవరి రెండో సోమవారాన్ని ప్రపంచమంతా మూర్ఛవ్యాధి దినంగా జరుపుకుంటుంది. అది మన జయంతికి అటూ ఇటూగా వస్తుంది కాబట్టి ఫిట్స్ మందు గురించి మాట్లాడతాను. మీలో కొందరి ఇళ్లలో ఆ సీసా ఉంది. ఉన్నా బయటకు చెప్పరు. ఆడపిల్ల ఇంట్లో ఉంటే అసలే చెప్పరు.

కొన్నేళ్ల కింద మా హాస్టల్లో ఏడో తరగతి అమ్మాయి ఒకతి ఉండేది. నాన్న జూబ్లీహిల్స్‌లో కట్టే ఇళ్ల దగ్గర మేస్త్రీ పని, అమ్మ అపార్ట్‌మెంట్‌లో హౌస్‌కీపింగ్. ఉండేది ఇక్కడే, ఫిల్మ్‌నగర్ బస్తీలో. పిల్ల మాత్రం ఊరి దగ్గర మా హాస్టల్లో. ఇలాంటి కుటుంబాలు మనలో ఎన్ని ఉన్నాయో నేను చెప్పనక్కర్లేదు. ఆ పిల్లకు ఫిట్స్ ఉండేవి. డాక్టర్ సోడియం వాల్‌ప్రోయేట్ సిరప్ రాశారు. పొద్దున 5 ఎంఎల్, రాత్రి 5 ఎంఎల్. మందు మొదలుపెట్టాక ఏడాదికి పైగా ఒక్క ఫిట్ కూడా రాలేదు.

దసరా సెలవులు వచ్చాయి. వాళ్ల నాన్న తీసుకెళ్లడానికి వచ్చాడు. నేను కొత్త సీసా ఒకటి చేతికిచ్చి "రోజుకు రెండుసార్లు, మరిచిపోకు అన్నా" అని చెప్పి పంపాను. ఆ సీసా 100 ఎంఎల్. రోజుకు 10 ఎంఎల్. అంటే పది రోజులు. సెలవులు పదమూడు రోజులు. నేను బీఎడ్ చేసింది లెక్కల్లో. ఐదో తరగతి పిల్ల చేసే భాగహారం ఆ రోజు నేను చేయలేదు.

సీసా అయిపోయింది. ఏడాదిగా ఫిట్స్ లేవు కదా, నయమైపోయినట్టే, హాస్టల్‌కు వెళ్లాక మళ్లీ మేడమ్ ఇస్తుందిలే అనుకున్నారు. ఇందులో వాళ్ల నిర్లక్ష్యం ఏమీ లేదు. జ్వరం తగ్గితే మందు ఆపేస్తాం, దగ్గు తగ్గితే ఆపేస్తాం. ఫిట్స్ మందు అట్లాంటిది కాదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే.

తిరిగి హాస్టల్‌కు బయలుదేరిన రోజు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ బస్టాపులో పిల్ల పడిపోయింది. చుట్టూ జనం మూగారు. ఒకాయన తాళంచెవుల గుత్తి తీసి పిడికిట్లో పెట్టాడు. ఇంకెవరో చెప్పు వాసన చూపించమన్నారు. ఫిట్ ఐదు నిమిషాలు దాటినా ఆగలేదు. ఒక కాలేజీ అమ్మాయి 108కి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు. అంబులెన్సులో ఇంజక్షన్ ఇచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లారు. పిల్ల రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది. నాకు ఫోన్ వచ్చినప్పుడు నేను స్టాక్ రూంలో బియ్యం తూకం చూస్తున్నాను. ఆ తూకంలో అరకిలో తేడా వస్తే రాసుకుంటాం. మందు లెక్కలో మూడు రోజుల తేడా వస్తే ఎక్కడా రాయలేదు.

ఆ తాళంచెవుల సంగతి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. తెలుగు సినిమా తయారయ్యేది ఈ చుట్టుపక్కలే. మనవాళ్లు కూడా కొందరు షూటింగుల్లో లైట్లు మోస్తారు, జూనియర్ ఆర్టిస్టులుగా వెళ్తారు. చేతిలో ఇనుము పెట్టగానే ఫిట్స్ ఆగిపోయే సీన్లు మనమంతా చూశాం. ఇనుముతో ఫిట్స్ ఆగవు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, ఆ పేరు తాళంచెవులకు వస్తుంది. మీరు చేయాల్సింది పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టడం, తల కింద మెత్తగా ఏదైనా పెట్టడం, గడియారం చూడటం. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు, మందు ఏదీ పెట్టొద్దు. కాళ్లు చేతులు అదిమి పట్టొద్దు. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకొకటి వచ్చినా 108. కొందరు పిల్లలకు డాక్టర్లు ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే రాస్తారు. రాసి ఇచ్చినవాళ్లు ఎన్ని పఫ్‌లో ముందే నేర్చుకుని, ఆ స్ప్రేను పిల్లతో పాటే ఉంచండి. బీరువాలో పెట్టి తాళం వేస్తే లాభం లేదు.

ఇక మందు సంగతి. ఫిట్స్ మందు మెదడులో విద్యుత్తు ఒక్కసారిగా చెలరేగకుండా అదుపులో ఉంచుతుంది. రోజూ రక్తంలో తగినంత ఉంటేనే పని చేస్తుంది. ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ తిరిగి రావడమే కాదు, ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. మా అమ్మాయికి జరిగింది అదే. ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి ఈ జబ్బు ఉందనీ, సరిగ్గా గుర్తించి మందు వాడితే నూటికి డెబ్బై మంది దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండేళ్లు, ఒక్కొక్కరికి అంతకంటే ఎక్కువ కాలం, ఫిట్స్ లేకుండా గడిస్తే మందు మానిపించే సంగతి డాక్టర్లు ఆలోచిస్తారు. అదీ ఒక్కరోజులో కాదు, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఆ నిర్ణయం మనది కాదు, మంత్రం వేసే పెద్దమనిషిది అంతకన్నా కాదు. ఆయన దగ్గరికి వెళ్తానంటే నేను అడ్డం రాను. తాయెత్తు కట్టించుకోండి. గోలీ మాత్రం ఆపకండి.

కొలత గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే నేను చూసిన తప్పులన్నీ ఇక్కడే. "ఒక చెంచా వేస్తున్నాం మేడమ్" అంటారు. ఎవరి చెంచా? మా హాస్టల్ వంటగదిలో నాలుగు చెంచాలు తెచ్చి నీళ్లతో కొలిచి చూశాను, ఏ రెండూ ఒక్కటి కాలేదు. మందుతో వచ్చే కొలత మూత వాడండి, చిన్న పిల్లలకైతే సూది లేని సిరంజి ఇంకా నయం. సీసా బాగా కదిపి పోయండి. ఫెనిటోయిన్ సిరప్‌లో మందు అడుక్కి దిగుతుంది. కదపకపోతే మొదటి వారం నీళ్లు తాగినట్టు, చివరి వారం రెండింతలు తాగినట్టు అవుతుంది.

ఇంకొకటి. వాల్‌ప్రోయేట్ సిరప్ మామూలుగా 5 ఎంఎల్‌లో 200 మిల్లీగ్రాములు ఉంటుంది. లెవెటిరాసిటమ్ సిరప్ 1 ఎంఎల్‌లోనే 100 ఉంటుంది, అంటే 5 ఎంఎల్‌కు 500. పక్కపక్కన పెడితే రెండూ ఒకేలాంటి సీసాలు. కాబట్టి "5 ఎంఎల్" అని ఒక్కటే గుర్తుపెట్టుకుంటే చాలదు. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని ఎంఎల్, మూడూ చీటీ మీద ఉండాలి. మెడికల్ షాపుకు పాత సీసానూ డాక్టర్ చీటీనీ తీసుకెళ్లండి. షాపతను "ఇదీ అదే" అని వేరే కంపెనీది ఇస్తే ఇంటికి రాకముందే ఆ మూడూ సరిచూసుకోండి. మాటిమాటికీ కంపెనీ మార్చకపోవడం మేలు. సీఆర్ అని రాసి ఉన్న గోలీలు మెల్లమెల్లగా కరిగేలా చేసినవి. పిల్ల మింగలేకపోతోందని వాటిని నూరి పాలల్లో కలపకండి, డాక్టర్‌కు చెబితే వేరే రూపంలో రాస్తారు.

ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి? తొందరగా గుర్తొస్తే వెంటనే ఇవ్వండి. తర్వాతి పూట దగ్గరపడితే మరిచింది వదిలేసి మామూలు మోతాదే ఇవ్వండి. రెండూ కలిపి ఒకేసారి పోయొద్దు. మింగిన కాసేపటికే కక్కితే మళ్లీ ఇవ్వాలా వద్దా అన్నది మందును బట్టి ఉంటుంది. అది డాక్టర్‌ను ముందే అడిగి చీటీ మీదే రాయించుకోండి.

పిల్లల మందు బరువును బట్టి ఉంటుంది. ఆరో తరగతిలో చేరినప్పటి బరువు ఎనిమిదో తరగతిలో ఉండదు. మేము నెలనెలా బరువు తీస్తాం, ఇప్పుడు ఆ కాగితం డాక్టర్ దగ్గరికి కూడా పంపుతున్నాం. ఇక కొత్తగా ఫెనిటోయిన్, కార్బమజెపైన్, లామోట్రిజిన్ లాంటివి మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లో ఒంటి మీద దద్దురు, నోట్లో పుండ్లు, జ్వరం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వాల్‌ప్రోయేట్ వాడే పిల్లకు ఆగని వాంతులు, మగత, కళ్లు పచ్చబడటం కనిపించినా అంతే. చిగుళ్లు వాయడం, తూలుతూ నడవడం, ఊరికే కోపం, చదువులో మందకొడితనం, ఇవి కూడా మందు వల్ల కావచ్చు. వాటిని డాక్టర్‌కు చెప్పండి, మీకు మీరుగా తగ్గించకండి.

తండాలో జ్వరమొస్తే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తాం. ఆయనకు మొదట చెప్పాల్సింది "పిల్ల ఫిట్స్ మందు వాడుతోంది" అని. క్లోరోక్విన్, మెఫ్లోక్విన్ లాంటి మలేరియా మందులు ఫిట్స్ ఉన్నవాళ్లకు జాగ్రత్తగా ఇవ్వాలి. టీబీ మందులు ఫిట్స్ మందును రక్తంలో పెంచనూ వచ్చు, తగ్గించనూ వచ్చు. బడిలో నులిపురుగుల గోలీ ఇచ్చే రోజు కూడా ఈ పిల్లల సంగతి టీచర్‌కు చెప్పి డాక్టర్‌ను అడగండి. మన దేశంలో ఫిట్స్‌కు పెద్ద కారణాల్లో ఒకటి మెదడులో చేరే బద్దెపురుగు లార్వా, అలాంటి పిల్లకు ఆ గోలీ ఫిట్స్ తెప్పించవచ్చు.

ఆడపిల్లల తల్లులకు వేరే ఒక మాట. వాల్‌ప్రోయేట్ మంచి మందే, కానీ కడుపుతో ఉన్నప్పుడు వాడితే పుట్టే బిడ్డకు అవయవ లోపాలు, బుద్ధి ఎదుగుదల లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. పిల్ల పెద్దమనిషి అయినప్పుడే డాక్టర్‌ను అడగండి, వేరే మందుకు మార్చగలరేమో చూస్తారు. జబ్బు దాచి పెళ్లి చేసి, అత్తగారింట్లో తెలుస్తుందని సీసా పుట్టింట్లోనే వదిలి వెళ్లిన పిల్లలను నేను చూశాను. అక్కా, మీరు దాచింది జబ్బునే అనుకుంటారు. దాంతో పాటు మందునూ దాచేశారు.

తీజ్ దగ్గరికి వస్తాను. తొమ్మిది రోజులు పెళ్లికాని పిల్లలు గోధుమ మొలకలకు నీళ్లు పోస్తారు, నియమంగా తింటారు, రాత్రి పొద్దుపోయేదాకా ఆడతారు. మా పిల్లలు ఏడాదంతా ఎదురుచూసే పండుగ అది. ఫిట్స్ ఉన్న పిల్లను పక్కన కూర్చోబెట్టాలని నేను అనను. నిద్ర తక్కువైతే, కడుపు మాడితే ఫిట్ వచ్చే అవకాశం పెరుగుతుంది, అంతే. కాబట్టి ఆ పిల్ల అందరికంటే ముందు పడుకోవాలి, వేళకు ఏదో ఒకటి తినాలి, ఉపవాసమని మందు మానకూడదు. షూటింగు లైట్లు చూస్తే ఫిట్స్ వస్తాయా అని ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. మిణుకుమనే వెలుగుకు ఫిట్స్ వచ్చేవాళ్లు నూటికి ముగ్గురి దాకానే. మిగతావాళ్లకు ఆ లైట్ల కంటే రాత్రంతా మేలుకోవడమే ఎక్కువ చేటు.

ఆ దసరా తర్వాత మా హాస్టల్లో కొన్ని మార్చాను. అంతకు ముందు పొద్దున ప్రార్థన దగ్గర పేరు పిలిచి మందు ఇచ్చేదాన్ని. పిల్లలు సిగ్గుపడి గోలీ నాలుక కింద పెట్టుకుని బయట ఉమ్మేసేవాళ్లు. ఇప్పుడు పాలు తాగేటప్పుడు నా గదిలో ఇస్తాను, మింగాకే రిజిస్టర్‌లో టిక్ పెడతాను. సెలవులకు పంపేటప్పుడు సెలవు రోజులు లెక్కవేసి, పైన ఐదు రోజులకు సరిపడా కలిపి ఇస్తాను. బస్సు తప్పినా, వాన పడినా, పెళ్లికని ఆగినా సరిపోతుంది. తీసుకెళ్లేవాళ్లతో నా ముందే ఒకసారి కొలిపిస్తాను. చదువు రాని నానమ్మ వస్తే సిరంజి మీద గీత దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్ పెడతాను. సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ గీసిన కాగితం ఇస్తాను.

ఆ అమ్మాయి నా దగ్గరే పదో తరగతి పూర్తి చేసింది. ఆఖరి రెండేళ్లూ తన మందు లెక్క తనే చూసుకుంది. ఒకసారి నేను వేసిన లెక్కలో తప్పు కూడా పట్టింది, ఫిబ్రవరికి ముప్పై రోజులు వేశానట.

ఇక్కడుండే కుటుంబాలకు మీ బస్తీ దవాఖానా ఉంది. పిల్లల కోసం నీలోఫర్, నరాల డాక్టర్ల కోసం పంజాగుట్టలో నిమ్స్ ఉన్నాయి. ఊళ్లో హాస్టల్లో పిల్ల ఉంటే, బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే డాక్టర్లు చూసే జబ్బుల్లో ఫిట్స్ కూడా ఒకటి, వాళ్లకు చూపించమని మీ వార్డెన్‌ను అడగండి. చీటీలో ఉన్న మందుల ఫోటో తీసి వార్డెన్ ఫోన్‌కూ మీ ఫోన్‌కూ పెట్టుకోండి. ఇద్దరి దగ్గరా ఒకే చీటీ ఉండాలి.

బయట భోజనాల దగ్గర టేబుల్ మీద కొలత సిరంజీలు, సూర్యుడు చంద్రుడు గీసిన కాగితాలు పెట్టాను. సీసా వెంట తెచ్చుకున్నవాళ్లు భోజనం అయ్యాక నా దగ్గరికి రండి, కొలిచి చూపిస్తాను. అందరి ముందు రావడం ఇష్టం లేనివాళ్లకు మెట్ల కింద గదిలో ఐదింటి దాకా ఉంటాను.