పక్కన కూర్చుని తినడం



తిండి గురించి, ప్రయాణం గురించి రెండు మాటలు చెప్పమన్నారు. ముప్పై ఎనిమిదేళ్లు గూడ్సు బండి వెనక బ్రేకు వ్యానులో తిరిగినవాణ్ణి, ప్రయాణానికి లోటు లేదు. 2022 నుంచి గార్డును ట్రెయిన్ మేనేజరు అంటున్నారు. నేను మాత్రం గార్డుగానే రిటైరయ్యాను.

తినే పదార్థం ప్రయాణం చేయడం చాలా తేలిక. మన మిరపకాయనే చూడండి. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు తెచ్చేదాకా ఈ దేశంలో అది లేదు. అంతకుముందు మనకు కారమంటే మిరియమే. పేరు కూడా మిరియం నుంచే వచ్చింది. గుంటూరు వారు ఈ మాట ఒప్పుకోకపోయినా నేను చేయగలిగింది లేదు. బంగాళాదుంప సరేసరి, ఊరి పేరు మెడలో కట్టుకునే వచ్చింది.

నా మొదటి పోస్టింగు 1968లో ఖుర్దా రోడ్డు. క్వార్టర్సులో మాకు ఒకవైపు ఒడియా వారు, మరోవైపు బెంగాలీ వారు. మా ఆవిడకు వాళ్ల భాషలు రావు, వాళ్లకు మన భాష రాదు. ఒక రోజు బెంగాలీ బౌది ఆవ నూరడం మా ఆవిడ చూసింది. వాళ్లు ఆ ముద్దను చేపకు పట్టిస్తారు, మనం పనసపొట్టు కూరలో కలుపుతాం. చేదెక్కకుండా ఉప్పు, మిరపకాయ వేసి నూరాలని ఒకరికొకరు సైగలతో నేర్పబోయి, ఇద్దరికీ ముందే తెలుసని గ్రహించి పడిపడి నవ్వుకున్నారు. మనం పెరుగన్నంలో ఉప్పు వేసుకోవడం చూసి మాత్రం ఆ తల్లి తెల్లబోయింది. వాళ్లది ముంతలో తోడుపెట్టిన తీపి పెరుగు కదా! ఇక ఒడియా వారి పఖాళ అంటే మన చద్దన్నమే. బెంగాలీ వారు దాన్నే పాంతా భాత్ అంటారు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున ఉల్లిపాయ నంజుకోవడం శ్రీకాకుళం నుంచి కలకత్తా దాకా ఒక్కటే. మధ్యలో మారేది స్టేషను బోర్డుల మీద లిపి.

మనుషుల సంగతి అంత తేలిక కాదు. తెల్లవాళ్ల కాలంలో స్టేషన్లలో హిందువులకు వేరే నీళ్లు, ముస్లిములకు వేరే నీళ్లు. మన మద్రాసు వైపు ఫలహారశాలల్లో బ్రాహ్మణులకు వేరే గది ఉండేది. 1940ల తొలి రోజుల దాకా అది సాగింది. టిక్కెట్టు కొన్న ప్రతివాడినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టిన రైలు, దిగి అన్నం తినేచోట మళ్లీ విడదీసిందన్నమాట.

నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ బోర్డులు లేవు. అలవాట్లు ఉన్నాయి. మా రన్నింగ్ రూములో ఎవరి బియ్యం, పప్పు వాళ్లే లైను బాక్సులో తెచ్చుకోవాలి. వంటమనిషి ఎవరి గిన్నె వారికి విడిగా వండి పెడతాడు. పలాసలో బండి దిగేసరికి రాత్రి రెండు దాటేది. ఒక ఫైర్‌మన్, మన శ్రీకాకుళం కుర్రాడే, కులం కారణంగా ఎప్పుడూ గుమ్మం బయట గోడవైపు తిరిగి తినేవాడు. అక్కడ తినమని ఎవరూ చెప్పలేదు, లోపలికి రమ్మనీ ఎవరూ అనలేదు. అతనితో పనిచేసే బెంగాలీ డ్రైవరును మేమంతా దాదా అనేవాళ్లం. ఒక రాత్రి దాదా తన బియ్యం, ఆ కుర్రాడి బియ్యం ఒకే గిన్నెలో పోసి వంటమనిషి చేతికిచ్చాడు. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. వండాక రెండు కంచాలు పక్కపక్కన పెట్టి, అతన్ని పేరుపెట్టి పిలిచాడు.

ఆ కుర్రాడు వచ్చి కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. అన్నం చల్లారేదాకా దాదా ముద్ద ముట్టలేదు. ఒక పెద్దాయన కంచం తీసుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. ఆయన నెలరోజులు అలాగే వరండాలో తిన్నాడు. తరవాత వానాకాలం వచ్చింది, లోపలికి వచ్చాడు. వరుణదేవుడు చేసిన సంస్కరణ అని మేం చాటుగా అనుకునేవాళ్లం. ఏడాది తిరిగేసరికి మా బ్యాచిలో ఐదారుగురి బియ్యం ఒకే గిన్నెలో ఉడికేది.

పూరీ ఆనందబజారులో జగన్నాథుని మహాప్రసాదం ఏ కులంవారైనా కలిసి తింటారని మనకందరికీ తెలుసు. గొప్ప విషయమే. కాని దేవుడి ఎదుట కలిసి తిని, ఇంటికొచ్చి విడిగా తినేవాళ్లను నేను చాలామందిని చూశాను. అందుకే నాకు ఆ రన్నింగ్ రూమే పెద్దదిగా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు మనవి. వచ్చే ఏడాది నుంచి పంక్తి భోజనం మాని, ఎవరి పొట్లం వారికిచ్చి పంపాలని ఈనాటి ఎజెండాలో ఒక ప్రతిపాదన ఉంది. కోశాధికారి గారి లెక్కలో తప్పు లేదు, పొట్లమే చవక. మనలో సగం మందికి మోకాళ్లు వంగవన్నదీ నిజమే. అయితే బల్లలు, కుర్చీలు వేయిద్దాం. వచ్చే ఏడాది వాటి అద్దె నేను ఇస్తాను. షుగరు వారికి కూర ఎక్కువ, అన్నం తక్కువ వడ్డిద్దాం. లేవలేనివారికి మాత్రం పొట్లం ఇంటికే పంపిద్దాం. ఏడాదికొకసారి కలిసే మనం పొట్లాలు పట్టుకుని పన్నెండున్నర బస్సుకు పరుగెత్తితే, ఎవరు చిక్కిపోయారో, ఎవరి పక్కన కుర్చీ ఖాళీ అయిందో మనకు తెలిసేదెలా?

ఓటింగు భోజనాల తరవాత పెట్టమని అధ్యక్షుల వారిని కోరుతున్నాను. వంటవాళ్లు ఇప్పటికే రెండుసార్లు సైగ చేశారు. ఇవాళ ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఉందట.