ఇంట్లో ఎల్‌సీ రిజిస్టరు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం. వక్త 1987 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి, విద్యుత్ శాఖలో ఇంజనీరు)



కరెంటు ఇంజనీరువి కదా, సోలార్ గురించి చెప్పమని కమిటీవాళ్లు అడిగారు. దాని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, మా ఇంటి సంగతి చెబుతానన్నాను. ముందు మావాడి అనుమతి తీసుకున్నాను. వాడికిప్పుడు ఇరవై ఏళ్లు. నేను రాసుకున్న కాగితాలు చదివి, రెండు పేరాలు కొట్టేసి, "మిగతాది చెప్పుకో నాన్నా" అన్నాడు. కాబట్టి మీరు వింటున్నది సెన్సారు అయిన ప్రసంగం.

మావాడికి ఏడీహెచ్‌డీ ఉందని మూడో తరగతిలో తెలిసింది. అటెన్షన్ డెఫిసిట్ హైపర్ యాక్టివిటీ డిజార్డర్. తెలుగులో అవధాన లోపం అని రాస్తున్నారు గానీ ఆ పేరు నాకు సరిగ్గా అతకలేదనిపిస్తుంది. క్రికెట్ స్కోర్లు మూడు గంటలు కదలకుండా రాసేవాడికి అవధానం లేదని ఎలా అంటాం? అదే పిల్లవాడు లెక్కలో మూడో లైను దాకా వచ్చేసరికి కాంపాస్ బాక్సు మూత మీదికి వెళ్లిపోతాడు. ధ్యాసను మనకు కావలసిన చోట నిలపడమే కష్టం. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఒక్కడే ఉంటాడు. ఈ పిల్లలకు గోడ మీద బల్లి, పక్కింటి కుక్కర్ విజిల్, చొక్కా కాలరు, అన్నీ పృచ్ఛకులే.

ఇది సెల్‌ఫోన్లు వచ్చాక పుట్టిన జబ్బు అనుకునేవాళ్లు ఉన్నారు. 1902లోనే లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లల మీద ఉపన్యాసాలు ఇచ్చాడు. పెంపకం వల్ల వచ్చిందేమీ కాదు, వంశపారంపర్యం పాలు చాలా ఎక్కువ. డాక్టరు ఆ మాట అన్నప్పుడు మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపు సంగతి తర్వాత చెబుతాను.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. నేను లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో షిఫ్టు డ్యూటీ, మా ఆవిడ బ్యాంకులో. రెండూ అత్యవసర సేవలే. పదో తరగతికి రావలసిన మావాడు, షుగరు, బీపీ ఉన్న డెబ్బై నాలుగేళ్ల మా అమ్మ, రెండు గదుల ఇంట్లో రోజంతా ఇద్దరే. ఏడీహెచ్‌డీ పిల్లలకు బడి అంటే చదువు ఒక్కటే కాదు. గంట, వరుస, ఆటల పీరియడు, పక్కవాడు పుస్తకం తీస్తే తానూ తీయడం, ఇవన్నీ కూడా. ఒక్క రోజులో అవన్నీ పోయాయి.

పైగా మందు. వాడు వేసుకునేది మిథైల్‌ఫెనిడేట్. అది మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ మందు. చీటీ రెండు ప్రతుల్లో రాయాలి, ఒక ప్రతి దుకాణం వాళ్లు రెండేళ్లు దాచాలి. అన్ని దుకాణాలూ అమ్మవు. లాక్‌డౌన్ మొదలైన రోజే కేంద్రం ఫోను వైద్యానికి నియమాలు ఇచ్చింది, మంచిదే, కానీ ఈ రకం మందులు ఫోనులో రాయకూడదని అందులో ఉంది. మా డబ్బాలో 19 రోజులకు సరిపడా ఉన్నాయి. ఆంక్ష లేని వేరే మందు ఉంది గానీ అది పనిచేయడానికి వారాలు పడుతుందని డాక్టరు చెప్పి, ఒక పొద్దున మా కోసమే క్లినిక్ తెరిచారు. నాకు డ్యూటీ పాసు ఉంది కాబట్టి వెళ్లగలిగాను. పాసు లేని తండ్రులు ఏం చేశారో అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను.

మిగతా రోజంతా నడపడానికి నాకు తెలిసిన విద్య ఒక్కటే, ఎల్‌సీ. లైను మీద పనిచేయాలంటే సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకోవాలి. ఎవరు తీసుకున్నారు, ఎన్ని గంటలకు, ఏ ఫీడరు, అన్నీ రాతలో ఉండాలి. పని అయ్యాక ఎల్‌సీ తిరిగి ఇస్తేనే లైను ఛార్జ్ చేస్తారు. నాకు గుర్తుంది లెండి అంటే అక్కడ కుదరదు, ఎంత సీనియరైనా సరే. ఆ పద్ధతే ఇంటికి తెచ్చాను. ఒక లాంగ్ నోటుబుక్కు, ఆపరేటరుగా మా అమ్మ. వాడు ఇరవై నిమిషాలకు ఒక పని చొప్పున ఎల్‌సీ తీసుకోవాలి. భౌతికశాస్త్రం, రెండో పాఠం, 10.20. అయ్యాక రిటర్న్. ఐదో తరగతి దాకా చదివిన మా అమ్మ సంతకం లేనిదే రిటర్న్ చెల్లదు. ఆమె చాలా స్ట్రిక్టు ఆపరేటరు, మా డిపార్ట్‌మెంటులో అలాంటివాళ్లు తక్కువ.

సెప్టెంబరు 1 నుంచి టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి. ఫోనులో క్లాసు కంటే వాడికి అవే నయమయ్యాయి. టీవీలో మధ్యలో మెసేజీలు రావు కదా. నాయనమ్మ పల్లీలు ముందు పోసేది, ఒలుస్తూ వినేవాడు. చేతులు ఖాళీగా ఉంటే చెవులు పనిచేయవని వాడి మాట. ఆ ఏడు మేం తిన్నన్ని పల్లీ చట్నీలు జన్మలో తినలేదు.

ఇప్పుడు ఆ చూపు సంగతి. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు తొమ్మిది నిమిషాలు దీపాలు ఆర్పమన్నారు, గుర్తుందా? దేశం మొత్తం మీద 12 నుంచి 14 వేల మెగావాట్ల లోడు తగ్గుతుందని అంచనా. తగ్గింది 31 వేల పైచిలుకు, మళ్లీ నిమిషాల్లో పైకి లేచింది. జలవిద్యుత్ కేంద్రాలను దించి, ఎక్కించి ఫ్రీక్వెన్సీని కాపాడుకోవాలి. ఆ రాత్రి నేను డెస్కులో ఉన్నాను. నా బుర్ర అంత నిశ్చలంగా ఉన్న రోజులు తక్కువ. మర్నాడు రాయాల్సిన రెండు పేజీల నివేదిక మాత్రం కొండలా కనబడింది. మా ఆవిడ ఏడేళ్లుగా అంటున్నదే మళ్లీ అంది. ఆ శీతాకాలంలో నేనూ డాక్టరు ముందు కూర్చున్నాను. నా పాత ప్రోగ్రెస్ కార్డులు కూడా తెమ్మన్నారు. మన బడి కార్డులే! ఐదింటిలో "తెలివైనవాడు, నిలకడ లేదు" అని ఉంది. నలభై తొమ్మిదో ఏట నాకూ ఆ పేరు వచ్చింది. మా పైఆఫీసరుకు చెప్పి రెండు అడిగాను. నోటితో చెప్పిన పని ఒక లైను రాసి పంపమని, రిపోర్టులకు పొద్దున ఒక గంట ఫోను లేకుండా వదలమని. సరేనన్నారు. అంతకు మించి ఏమీ అవసరం పడలేదు.

2021 ఏప్రిల్‌లో పరీక్షలు రద్దయ్యాయి. అదే నెల మా ఆవిడకు కోవిడ్ వచ్చి ఒక గదిలో ఉంది. ఆక్సిమీటరు రిజిస్టరు మావాడు తీసుకున్నాడు. నాలుగు గంటలకోసారి తలుపు బయట నిలబడి అడిగి రాసేవాడు. ఎవరూ చెప్పలేదు, వాడే గీతలు గీసుకున్నాడు. నాలుగో రాత్రి రెండింటికి 93 వచ్చింది. వేలు మార్చించి మూడుసార్లు చూశాడు, మూడుసార్లూ రాశాడు, నైట్ షిఫ్టులో ఉన్న నాకు ఫోను చేశాడు. తెల్లవారేలోపు ఆమెను ఆసుపత్రిలో చేర్చాం. ఆరు రోజులు ఉండి వచ్చింది. అదిగో, మూడో వరుసలో కూర్చుంది.

టీచర్లతో రెండు మాటలు. ప్రపంచమంతా చూస్తే పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఇది ఉంటుంది. నలభై మంది తరగతిలో ఇద్దరు అనుకోండి. గోల చేసేవాడు మీకు ఎలాగూ కనబడతాడు. కిటికీలోంచి చూస్తూ గోల చేయని ఆడపిల్ల కనబడదు, ఆమెను వెతకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు ఉన్నాయి, ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. అందుకని చాలాచోట్ల ఈ పిల్లలకు దొరికే వెసులుబాటు మీ చేతిలోనే ఉంటుంది. ముందు బెంచీ, ఒకసారి ఒకే పని చెప్పడం, మధ్యలో లేచి తిరిగే వంక. మన తెలుగు సార్ నన్ను రోజుకు మూడుసార్లు చాక్‌పీసుల కోసం ఆఫీసు రూముకు పంపేవారు. అన్ని చాక్‌పీసులు ఆయనకు ఎందుకో అప్పట్లో ఎవరూ అడగలేదు.

మందుల గురించి నన్ను అడగకండి, డాక్టరును అడగండి. రిజిస్టరు గురించైతే, భోజనాల తర్వాత ఎనిమిదో తరగతి గదిలో ఉంటాను. 2020 నాటి నోటుబుక్కు తెచ్చాను, మా అమ్మ సంతకాలతో సహా.