కుడంపుళి పరీక్ష



స్థౌల్యమును హరించునని కీర్తి గడించిన ఓషధులు మన దేశమున పెక్కు గలవు; వానిలో ఒక్కదాని చరిత్రను మాత్రమే, నేడు ఔషధశాస్త్రమున పట్టములు స్వీకరించుచున్న మీ యెదుట విప్పదలచితిని. కేరళమున చేపల కూరకు పులుపు నిచ్చు కుడంపుళియందలి ప్రధానామ్లము, పూర్వులు భావించినట్లు సిట్రికామ్లము గాని టార్టారికామ్లము గాని కాక, హైడ్రాక్సీసిట్రికామ్లమని 1965లో మైసూరు కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థకు చెందిన లూయిస్, నీలకంఠన్ అనువారలు నిరూపించిరి. దేహమున క్రొవ్వు నిర్మాణమునకు ముడిసరకు నందించు ఎంజైము నొకదానిని ఈ యామ్లము స్తంభింపజేయునని నాలుగేండ్లకు అమెరికాలో తేలినది. పిమ్మట ఆ యామ్లము నిచ్చిన ఎలుకలలో క్రొవ్వు తయారగుట తగ్గినది. ఇంతవరకు ప్రతి మెట్టును సత్యమే. ఈ సత్యములను సీసాలలో నింపి విక్రయించుటకు వర్తకులకు ఆట్టే కాలము పట్టలేదు.

1998లో ప్రకటితమైన పరీక్షలో 135 మంది స్థూలకాయులను రెండు వర్గములుగా విభజించి, అందరికిని మితాహారమే విధించి, ఒక వర్గమునకు దినమునకు 1500 మిల్లీగ్రాముల ఆ యామ్లమును, రెండవదానికి రూపమున దానినే పోలిన, మందు లేని ఉత్త మాత్రను 12 వారములపాటు ఇచ్చి తూచి చూడగా, మందు పుచ్చుకొన్నవారు సగటున 3.2 కిలోలును, ఉత్త మాత్ర మ్రింగినవారు 4.1 కిలోలును తగ్గిరి. ఈ భేదము లెక్కింపదగినది కాదని గణితము తీర్పు చెప్పినది. మందు గెలువలేదనుట మాత్రము స్పష్టము. ఎలుకలో పనిచేసినది మనుజునిలో ఏల పనిచేయలేదు? ఎలుకకు చక్కెర మెండుగా పెట్టిరి గనుక దాని కాలేయము చక్కెరను క్రొవ్వుగా మార్చుటలో నిమగ్నమై యుండెను. మనుజుని మేన పేరుకొను క్రొవ్వులో అధికభాగము తినిన నేతినూనెలనుండియే వచ్చును. మూసిన ద్వార మొకటి, జనము వచ్చు ద్వారము వేరొకటి!

ఇందుచే మైసూరు రసాయనికుల కృషికి ఇసుమంతయు లోటు రాదు. ఓషధులు వ్యర్థములని నేననుటయు లేదు: మధుమేహమునకు లోకమంతట వాడు మెట్‌ఫార్మిన్, గొఱ్ఱెలకు విషమగు గెలీగా అను యూరోపు మొక్కలోని ద్రవ్యము నాధారముగా గొని నిర్మించినదే గదా.

కుడంపుళి సారము గల మాత్రలు సేవించిన కొందరికి కాలేయము చెడిన సంగతియు వైద్యపత్రికల కెక్కినది. కావున రేపు మీ యొద్దకు వచ్చినవారి సంచిలో అట్టి సీసా కనబడినయెడల, ఎన్నాళ్ళనుండి, ఏ మందులతో కలిపి పుచ్చుకొనుచున్నారో యడుగుడు. కన్నులు పచ్చబడినచో తడయక వైద్యునికడకు పంపి, ఘజియాబాదునందలి ఇండియన్ ఫార్మకోపియా కమిషనుకు నివేదిక వ్రాయుడు.